నాలుగు నిమిషాల తల్లి

సోమవారం పొద్దున పది గంటల ఏడు నిమిషాలకి గడ్డి మిషన్ ఆగిపోయింది.

గేటు గదిలో కూర్చున్న బాబాయ్ తలెత్తాడు. ఆ నీళ్ళ కేంద్రంలో ఏం జరుగుతోందో ఆయనకి చెవులతోనే తెలుస్తుంది. పంపుల హోరు ఒకటి. వడపోత తొట్లలోకి నీళ్ళు దూకే చప్పుడు ఒకటి. వెనక మిట్ట మీద గడ్డి మిషన్ మూలుగు మూడోది. ఆ మూడోది ఆగింది. టీ టైము కాదు. డీజిల్ పొద్దున్నే పోశారు. శుక్రవారం పైనుంచి ఆఫీసర్లు తనిఖీకి వస్తున్నారు, గురువారం సాయంత్రానికల్లా మిట్ట అంతా నున్నగా కనిపించాలని సూపరింటెండెంట్ హుకుం. మరి మిషన్ ఎందుకు ఆగినట్టు?

జవాబు ఐదు నిమిషాల్లో నడిచొచ్చింది. మిషన్ నడిపేవాణ్ణి అక్కడ అందరూ బుల్లెట్ అంటారు. ఎద్దుబండి కన్నా నెమ్మదిగా నడుపుతాడని ఆ పేరు. అలాంటివాడు ఇప్పుడు దాదాపు పరుగెడుతున్నాడు. టోపీ తీసి తిరగేసి, నిండు గిన్నెలా రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"బాబాయ్, ఇది చూడు."

టోపీలో గుప్పెడు మట్టిరంగు బొచ్చు. రెండు నల్లటి కళ్ళు. వీపుకి అతుక్కున్న చెవులు. కదలిక లేదు. ఊపిరికి పక్కలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

"చెవులపిల్లి కూన," అన్నాడు బుల్లెట్. "బ్లేడుకి జానెడు దూరంలో ఉంది. అరవలేదు, పారిపోలేదు. గడ్డిలో ఏదో మెరిసినట్టయి దిగి చూస్తే దీని కన్ను. ఒక్కటే పడుంది. తల్లి జాడ లేదు."

"చుట్టూ చూశావా?"

"మిట్ట అంతా చూశా. నిన్న సాయంత్రం దాకా ఆ పక్కనే ఉన్నాను. తల్లనేది ఉంటే ఒక్కసారన్నా కనబడదా? వదిలేసి పోయింది."

"ఏం తల్లి," అన్నాడు బాబాయ్. "పోనీ ఉన్నచోటే పెట్టేసి రాకపోయావా?"

"ఎలా పెడతాను? చేత్తో పట్టుకున్నానుగా. మనిషి వాసన తగిలితే తల్లి ఇంక ముట్టదు."

ఈ సంగతి ఇద్దరికీ తెలిసిందే. ఎవరు చెప్పారో, ఎప్పుడు విన్నారో గుర్తులేదు. అనుమానం కూడా ఎప్పుడూ రాలేదు. బాబాయ్ తన భోజనం సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. సంచి అడుగున తువ్వాలు పరిచాడు. బుల్లెట్ టోపీని వంచాడు. కూన తువ్వాలు మీదికి జారి, అక్కడ కూడా అలాగే అతుక్కుపోయింది.

ఆయన్ని ఎదురుగా బాబాయ్ అంటారు, వెనక నిమిషాల బాబాయ్ అంటారు. రెండోది కూడా ఆయనకి తెలుసు. కోపం లేదు, కాస్త గర్వంగానే ఉంటుంది. గేటు కింద నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా తెల్లటి గీత ఉంది. ఏటా పెయింటు డబ్బా పట్టుకుని స్వయంగా ఆయనే దిద్దుతాడు. పని వేళల్లో ఎవరు ఆ గీత దాటినా గేటు బుక్కులోకి ఎక్కాల్సిందే. పేరు, వెళ్ళిన టైము, వచ్చిన టైము. "ఒంటిగంట దాటింది" అని ఆయన రాయడు. "ఒకటీ మూడు" అని రాస్తాడు.

గేటు గది ప్రహరీ గోడలో పొదిగినట్టు సగం వీధిలోకి, సగం ఆవరణలోకి ఉంటుంది. వీధి వైపు ఒక తలుపు, ఆవరణ వైపు ఒక తలుపు. మధ్యలో బల్ల, స్టూలు, గోడ గడియారం. దాని మీద నమ్మకం లేక ఆయన చేతికి ఇంకొకటి.

పదకొండున్నరకి సూపరింటెండెంట్ అటుగా వచ్చాడు. చేతిలో తనిఖీ కాగితాలు, ముఖంలో నాలుగు రోజుల ముందే మొదలైన తలనొప్పి.

"ల్యాబ్‌లో అమ్మాయి మధ్యాహ్నం బయటికెళ్తోంది కదా?"

"వెళ్తోంది సార్. పాపకి పాలివ్వడానికి."

"ఎందుకని అడగలేదు. ఎంతసేపు?"

"భోజనం టైము ముప్పై నిమిషాలు సార్. ఆవిడ నలభై తీసుకుంటుంది. ఒక్కోసారి నలభై రెండు."

చెబుతున్నప్పుడు బాబాయ్ గొంతులో చిన్న మెరుపు. ఆ కేంద్రంలో ఈ జవాబు ఇంత కచ్చితంగా చెప్పగలిగినవాడు ఇంకొకడు లేడు.

"కాన్పు సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు దగ్గర్నుంచి మొత్తం ఎత్తి రాయి. తేదీ, టైములు. శుక్రవారం పొద్దున నా టేబుల్ మీద ఉండాలి. మొన్ననే మెమో ఇచ్చాను, మార్పు లేదు. ఈ కాగితం పైకి పంపితే దూరం పంపు స్టేషన్‌కి మార్చేస్తారు. అక్కడైతే గంటగంటకీ నీళ్ళ పరీక్ష ఉండదు, ఆవిడకీ హాయి, నాకూ హాయి."

దూరం పంపు స్టేషన్ అంటే పోను రెండు గంటలు, రాను రెండు గంటలు బస్సు. ఆరునెలల పాపని పెట్టుకుని అక్కడికెళ్ళేవాళ్ళు ఉండరు. ఉద్యోగం మానేస్తారు. సూపరింటెండెంట్ ఆ సంగతి ఆలోచించినట్టు లేదు. బాబాయ్ కూడా అప్పుడు ఆలోచించలేదు. తెల్ల కాగితం తీసి గీతలు కొట్టడం మొదలుపెట్టాడు.

సరిగ్గా ఒంటిగంటకి ల్యాబ్ అమ్మాయి వచ్చింది. చేతులింకా తడిగా ఉన్నాయి, చున్నీతో తుడుచుకుంటోంది.

"ఒకటి, బాబాయ్. సున్నా సున్నా," అని ఆయన రాయకముందే చెప్పి గీత దాటింది.

ఒకటీ నలభై ఒకటికి తిరిగొచ్చింది. మెడ మీద చెమట, చున్నీ చివర పాల మరక. గేటు దగ్గర ఆగలేదు. ఎవరి ముఖమూ చూడలేదు. వెనక్కి కూడా తిరగలేదు, పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉన్న వీధి వైపు. ఆ నడక గురించే పంపుల దగ్గర మాటలు నడుస్తాయి. రాతిగుండె మనిషి అని ఒకరు, పిల్లని అక్కడ పడేసి ఇక్కడ సీసాలు తిప్పుకుంటోందని ఇంకొకరు. బాబాయ్ ఆ మాటల్లో దూరడు. టైము మాత్రం రాస్తాడు. ఒకటీ నలభై ఒకటి.

*

ఇంట్లో ఆయన భార్య మిషన్ మీద జాకెట్టు చేతులు కుడుతోంది. సంచిలోకి తొంగి చూసి పెడల్ ఆపేసింది.

"ఎక్కడిదండీ ఇది?"

"తల్లి వదిలేసిందట."

"మీకెవరు చెప్పారు, తల్లా?"

ఆవిడ మిషన్ పక్కకి జరిపి, చొక్కాల ముక్కలు పెట్టుకునే బుట్ట ఖాళీ చేసింది. అడుగున దూది పరిచింది. ఆవు పాలు గోరువెచ్చగా చేసి, శుభ్రమైన గుడ్డని సన్నని వత్తిలా చుట్టి, ముంచి, కూన మూతికి ఆనించింది. కూన నోరు తెరవలేదు. మళ్ళీ ఆనించింది. ఒక చుక్క లోపలికెళ్ళింది, రెండు చుక్కలు గడ్డం కింద బొచ్చులోకి జారాయి.

"తాగడం లేదు."

"పట్టి పొయ్యి."

"పట్టి పోస్తే ముక్కులోకి పోతుంది. మన పెద్దాడికి మీరు మందు పోసినట్టా?" ఆవిడ కూనని కొంగులో పెట్టుకుని తడి తుడిచింది. "తల్లి వదిలేసింది, తల్లి వదిలేసింది అంటున్నారు. పెద్దాడు పుట్టినప్పుడు మీరు రోజుకి ఎన్ని నిమిషాలు ఎత్తుకున్నారు? బుక్కులో రాశారా?"

"డ్యూటీ ఉండేది."

"దీని తల్లికీ ఏం డ్యూటీ ఉందో."

మంగళవారం పొద్దునకి కూన ఇంకా తేలికైంది. అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియనట్టు. భార్య బుట్టని ఆయన చేతికిచ్చి గుమ్మం దాకా వచ్చింది.

"ఎవరికైనా తెలిసినవాళ్ళకి చూపించండి. నా వల్ల కాదు. చేతిలో పోతే నేను చూడలేను."

తెలిసినవాళ్ళంటే ఎవరు? నీళ్ళ కేంద్రంలో చదువుకున్న మనిషి ల్యాబ్ అమ్మాయే. తొట్లలో కుక్కో పిల్లో పడితే పిలవడానికి పశువుల డాక్టరు నంబరు ల్యాబ్ గోడ మీద రాసి ఉంటుంది. తొమ్మిదింటికి బాబాయ్ బుట్ట పట్టుకుని ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్నేళ్ళలో ఆయన గేటు వదిలి అంత దూరం రావడం అదే మొదటిసారి. బుల్లెట్‌ని గేటు దగ్గర కూర్చోబెట్టి, ఏదీ ముట్టుకోవద్దని చెప్పి మరీ వచ్చాడు.

ల్యాబ్ అమ్మాయి వరసగా పెట్టిన సీసాల్లో చుక్క మందు వేస్తోంది. ఒక్కో సీసానీ కిటికీ వెలుగుకి ఎత్తి, రంగు పోల్చి, కింద పెడుతోంది. బాబాయ్‌ని చూడగానే సీసా చేతిలోనే ఆగిపోయింది.

"మెమోకి సంతకం పెట్టేశాను బాబాయ్. ఇంకో కాగితమా?"

"కాదమ్మాయ్. ఇది."

ఆవిడ బుట్టలోకి చూసింది. చేతులు కడుక్కుంది. కూన పొట్ట కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తింది. ఆ ఎత్తడంలోనే బాబాయ్‌కి ఒకటి అర్థమైంది. రోజూ పసిదాన్ని ఎత్తుకునే చేతులు అవి. ఆవిడ ఫోను తీసి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

డాక్టరు గొంతు నిద్రమత్తులో ఉంది. విషయం వింటూ వింటూ తేరుకుంది.

"బొచ్చు ఉందా? కళ్ళు తెరిచే ఉన్నాయా?"

"ఉన్నాయి డాక్టరు గారూ. చిన్నది. పుట్టి వారం కూడా అయినట్టు లేదు."

"పుట్టడమే అలా పుడతాయి. మనం ఇళ్ళల్లో పెంచే కుందేళ్ళు బొరియలో, బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. ఈ అడవి జాతి బయలు గడ్డిలోనే కంటుంది. పుట్టిన రోజే పిల్లలు తలా ఒక చోట నక్కి పడుకుంటాయి. వాటికి వాసన ఉండదు. తల్లికి ఉంటుంది. తల్లి పక్కనే ఉంటే ఆ వాసన పట్టుకుని కుక్కలు వచ్చేస్తాయి. అందుకని రోజంతా దూరంగా ఉంటుంది. పొద్దుగూకాక ఒక్కసారి వస్తుంది, పాలిస్తుంది, వెళ్ళిపోతుంది. రోజుకి ఒక్కసారే. చిక్కటి పాలు, అవి చాలు దానికి."

"వదిలేయలేదంటారా?" బాబాయ్ ఫోను మీదికి వంగాడు.

"ఎవరు మాట్లాడేది?"

"గేటు కాపలా మనిషినండీ."

"అయితే మీకు బాగా అర్థమవ్వాలి. దూరంగా ఉండటమే దాని కాపలా. నిన్న సాయంత్రం వచ్చి వెతుక్కునే ఉంటుంది. ఆవు పాలు ఇంక పట్టకండి. ఎక్కడ దొరికిందో అక్కడే, అంగుళం తేడా లేకుండా, ఈ సాయంత్రం పొద్దుగూకే ముందు పెట్టేయండి. యాభై అడుగుల లోపల ఎవరూ ఉండకూడదు."

"మనిషి వాసన తగిలితే ముట్టదంటారుగా?"

"అది మనుషులు పుట్టించిన మాట. ఆవిడకి తెలియదు." అన్నాడు డాక్టరు. "ఒక పూట పాలు పోయాయి. రెండో పూట కూడా పోతే మాత్రం నేనేమీ చెప్పలేను. ఆలస్యం చేయకండి."

ఫోను ఆగిపోయింది. పంపుల హోరు మళ్ళీ వినిపించింది. ల్యాబ్ అమ్మాయి కూనని బుట్టలో పెట్టి, పైన పల్చటి గుడ్డ కప్పింది.

"నువ్వు కూడా ఉంటావా సాయంత్రం?" అన్నాడు బాబాయ్.

"ఉండాలనే ఉంది బాబాయ్. ఐదున్నరకి వాళ్ళు తలుపులు మూసేస్తారు. పాపని తెచ్చుకోవాలి." కొంచెం నవ్వింది. "తల్లి ఎన్నింటికొచ్చిందో, ఎన్నింటికెళ్ళిందో మాత్రం రాసిపెట్టు. అది నీకంటే బాగా ఎవరు రాస్తారు?"

ఎత్తిపొడుపో, నిజంగానే అడిగిందో ఆయనకి తెలియలేదు. గేటు దగ్గరికి తిరిగొచ్చి కూర్చున్నాడు. బల్ల మీద సగం రాసిన జాబితా ఉంది. ఒకటీ సున్నా సున్నా, ఒకటీ ముప్పై తొమ్మిది. ఒకటీ సున్నా ఒకటి, ఒకటీ నలభై రెండు. కలం ఎత్తాడు. దించాడు. ఆ రోజు జాబితాలో ఇంకో వరస పడలేదు. సాయంత్రం దాన్ని అలాగే జేబులో పెట్టుకుని లేచాడు.

*

ఐదున్నరకి బుల్లెట్ మిట్ట మీద ముందు నడిచాడు, బాబాయ్ బుట్టతో వెనక నడిచాడు. కోసిన గడ్డి ఒక వైపు చాప పరిచినట్టుంది. కోయనిది మోకాలి ఎత్తు ఉంది. రెండూ కలిసేచోట మిషన్ చక్రాల గాడి సోమవారం ఎక్కడ ఆగిందో అక్కడే ఆగి ఉంది. ఆ తరవాత బుల్లెట్ ఆ వైపు మిషన్ తేలేదు.

"ఇక్కడే," అన్నాడు బుల్లెట్.

"ఇక్కడేనా, ఇక్కడిక్కడేనా?"

"ఇదిగో, గడ్డి నొక్కుకుని గుంట పడింది చూడు. నా టోపీ అంత."

బాబాయ్ వంగి కూనని ఆ గుంటలో పెట్టాడు. అది కొలత తీసి చేసినట్టు సరిపోయింది. కూన ఒకసారి మూతి కదిపి, చెవులు వీపుకి ఆనించి, మాయమైపోయింది. నిజంగానే మాయమైంది. కళ్ళముందే ఉన్నదాన్ని మళ్ళీ వెతుక్కుంటే గానీ కనబడలేదు.

ఇద్దరూ పాత పంపు షెడ్డు వెనక్కి వెళ్ళి, కూలిన గోడ మీంచి చూస్తూ కూర్చున్నారు. మిట్ట అవతల తీగ కంచె, కంచె అవతల తుప్పలు. బుల్లెట్ జేబులోంచి బీడీ తీశాడు. బాబాయ్ వేలు ఊపాడు. బుల్లెట్ బీడీని మళ్ళీ జేబులో పెట్టాడు.

ఆరూ పది. ఏమీ లేదు.

ఆరూ ఇరవై రెండు. సూర్యుడు తుప్పల వెనక్కి దిగాడు. కంచె మీద ఒక కాకి వచ్చి కూర్చుంది. బాబాయ్ గోడ మీంచి ముందుకి వంగాడు. కాకి గుంట వైపు ఒకసారి, వడపోత తొట్ల వైపు ఒకసారి చూసి, ఏ కారణం లేకుండా ఎగిరిపోయింది.

"నిన్న వచ్చి చూసుకుని, లేదనుకుని, ఇంక రాదేమో బాబాయ్."

"ఊరుకో."

"నేను టోపీలో పెట్టుకోకపోతే..."

"బ్లేడు ఆపింది కూడా నువ్వే. ఊరుకో."

ఆరూ ముప్పై ఐదు. వెలుగు పల్చబడింది. గుంటలోంచి కూన లేచింది. తనంతట తాను. నాలుగు అడుగులు గెంతి, కోయని గడ్డి అంచున ఆగింది. అప్పుడు బుల్లెట్ బాబాయ్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పది అడుగుల అవతల, కోయని గడ్డిలోంచి, ఇంకో కూన బయటికొచ్చింది. అచ్చు అలాంటిదే. రెండూ ఎదురెదురుగా వచ్చి, మూతులు ఆనించుకుని, పక్కపక్కన ఒదిగాయి.

"రెండోది ఉందా," అన్నాడు బుల్లెట్. "సోమవారం నేను ఇంకో వరస తిప్పి ఉంటే..."

ఆరూ నలభై ఒకటికి కంచె కింది నుంచి తల్లి వచ్చింది.

తిన్నగా రాలేదు. వచ్చి ఆగింది. చెవులు నిలబెట్టి విన్నది. ఒక వైపు పరుగెత్తి, ఉన్నట్టుండి పక్కకి పెద్ద గెంతు వేసి, వేసిన అడుగుల జాడని తానే తెంపేసింది. ఇంకో గెంతు. మూడో గెంతుకి పిల్లల మీద ఉంది. వెనక కాళ్ళ మీద కూర్చుంది. రెండు కూనలూ కిందికి దూరాయి. బాబాయ్ వాసన, బుల్లెట్ టోపీ వాసన, కుట్టుమిషన్ ఇంటి దూది వాసన, ఏదీ అడ్డం రాలేదు. ఒక్కసారి వంగి మొదటి కూన వీపు మీద మూతి పెట్టింది. అంతే. తరవాత తల ఎత్తి, అవి తాగుతున్నంతసేపూ చెవులు తిప్పుతూ చుట్టూ కాపలా కాసింది.

బాబాయ్ జేబులోంచి కాగితం తీశాడు. ఏ కాగితమో చూడలేదు. వెనక వైపు ఖాళీగా ఉంది. గడియారం వంక చూశాడు, చుట్టూ మసకగా ఉన్నా ముళ్ళు కనబడ్డాయి.

ఆరూ నలభై ఐదుకి తల్లి లేచింది. కూనలు ఒక్క క్షణం ముక్కులెత్తి వెతికాయి. ఆవిడ అప్పటికే గెంతింది. ఒక గెంతు, రెండు గెంతులు, కంచె, తుప్పలు. వెనక్కి తిరిగి చూడలేదు.

కూనలు చెరో వైపు వెళ్ళి చెరో గుంటలో దూరాయి. గడ్డి మళ్ళీ వట్టి గడ్డి అయింది.

బుల్లెట్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. బాబాయ్ కాగితం మడవబోయి ముందు వైపు చూశాడు. అది ల్యాబ్ అమ్మాయి జాబితా. ఒక వైపు ఒకటీ సున్నా సున్నా, ఒకటీ నలభై ఒకటి, వరసలు వరసలుగా. ఇంకో వైపు ఒకే వరస. ఆరూ నలభై ఒకటి, ఆరూ నలభై ఐదు. రెండూ ఒకే చేతిరాత.

*

బుధవారం తెల్లారేసరికి కోయని గడ్డి చుట్టూ నాలుగు ఎర్ర జెండాలు వెలిశాయి. పైపు లీకైనచోట పాతే జెండాలవి. అక్కడ లీకు లేదు. కానీ ఎర్రజెండా కనబడితే బూట్లు బురదవుతాయని ఆఫీసర్లు ఆ చుట్టుపక్కలకి రారని బుల్లెట్‌కి బాగా తెలుసు. మిగతా మిట్టని జీవితంలో ఎన్నడూ లేనంత వేగంగా కోసేశాడు.

బాబాయ్ మాత్రం మంగళవారం రాత్రే ఇంటి దగ్గర అన్నం ముందు కూర్చుని, ల్యాబ్ అమ్మాయి సంగతంతా చెప్పి, భార్యని ఒక మాట అడిగాడు. అడగడానికి ముందు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఆ పిల్లల కేంద్రం మన వీధి చివరే కదా?"

"చివరే."

"మధ్యాహ్నం ఒంటిగంటకి నువ్వు ఖాళీయేనా?"

ఆవిడ ఆయన ముఖం చూసింది. చాలా ఏళ్ళుగా చూస్తున్న ముఖమే. ఇంకా తెలియనిది ఏదో ఉన్నట్టు చూసింది.

"పాపని నేను ఎత్తుకొస్తే గేటు బుక్కులో నా పేరు రాస్తారా?" అంది.

"గీత దాటితే రాస్తాను."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎందుకు నవ్వుతోందో ఆయనకి పూర్తిగా అర్థమైంది. అయినా కోపం నటించి అన్నం కలుపుకున్నాడు.

మర్నాడు పొద్దున ల్యాబ్ అమ్మాయిని ఒప్పించడం అంత తేలిగ్గా కాలేదు. మంగళవారం సాయంత్రం సంగతంతా విని, రెండో కూన దగ్గర కళ్ళు తుడుచుకుని, ఈ మాట వచ్చేసరికి గట్టిపడింది.

"వద్దు బాబాయ్. నీకూ మెమో వస్తుంది."

"దేనికి? నేనేమైనా అబద్ధం రాస్తున్నానా? చూడు. మా ఆవిడ వీధి వైపు తలుపులోంచి గదిలోకొస్తుంది. గీత దాటలేదు. నువ్వు ఆవరణ వైపు తలుపులోంచి గదిలోకొస్తావు. గీత దాటలేదు. గదిలో గీత లేదు."

"సార్ ఒప్పుకుంటారా?"

"ఆయన అడిగినదానికి నేను జవాబు చెబుతాను. ఉన్నది ఉన్నట్టు."

చివరికి ఆవిడ, పాపని బాబాయ్ భార్య చేతికి ఇమ్మని పిల్లల కేంద్రానికి చీటీ రాసిచ్చింది. బుధవారం ఒకటీ రెండుకి ఆవరణ వైపు తలుపు తెరుచుకుంది. అప్పటికే స్టూలు మీద బాబాయ్ భార్య, ఆవిడ ఒళ్ళో పాప. పాప గోడ గడియారం వంక నోరు తెరుచుకుని చూస్తోంది. తల్లిని చూడగానే గడియారాన్ని మరిచిపోయింది. బాబాయ్ బయటికొచ్చి, ఆవరణ వైపు గుమ్మంలో, లోపలికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఒకటీ పంతొమ్మిదికి ల్యాబ్ అమ్మాయి బయటికొచ్చింది. భోజనం టైము ఇంకా పదకొండు నిమిషాలుంది. ఆ పదకొండు నిమిషాల్లో, పాప పుట్టాక మొదటిసారి, డ్యూటీలో కూర్చుని అన్నం తిన్నది.

గురువారం ఒకటీ పదిహేడుకి సూపరింటెండెంట్ వచ్చాడు.

చేతిలో ఈసారి కాగితాలు లేవు. పాలిష్ చేసిన బూట్లు కంకర మీద చప్పుడు చేస్తూ వచ్చి, బాబాయ్‌కి రెండడుగుల దూరంలో ఆగాయి.

"ల్యాబ్‌లో అమ్మాయి సీట్లో లేదు. బయటికెళ్ళిందా?"

"లేదు సార్."

"మరి?"

"భోజనం టైము సార్. ఇంకా పదమూడు నిమిషాలుంది."

సరిగ్గా అప్పుడు లోపల పాప తుమ్మింది. చిన్న తుమ్ము. ఆ వెంటనే, ఇంత పని తనే చేశానా అన్నట్టు ఒక కిలకిల.

సూపరింటెండెంట్ కనుబొమలు లేచాయి. "లోపలెవరు?"

"మా ఆవిడ సార్."

"మీ ఆవిడ అలా తుమ్ముతుందా?"

"అప్పుడప్పుడు సార్."

అది నిజమే. లోపలి నుంచి నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వచ్చింది. సూపరింటెండెంట్ గేటు వైపు తిరిగాడు. తెల్ల గీత మీద చూపు పెట్టి ఈ గోడ దాకా నడిపించాడు. గది గోడ దగ్గర గీత ఆగిపోయింది.

"గదిలో గీత లేదేం?"

"గీయమని ఆర్డరు రాలేదు సార్. ఇస్తే ఇప్పుడే పెయింటు తెస్తాను."

పంపులు హోరుమంటున్నాయి. తొట్లలో నీళ్ళు దూకుతున్నాయి. సూపరింటెండెంట్ ఏదో అనడానికి నోరు తెరిచాడు. లోపలి నుంచి, పాలు తాగుతూ పాప చేసే గుటకల చప్పుడు, అంత హోరులోనూ వినిపించింది. ఆయన జేబురుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"పదమూడు నిమిషాలన్నావా?"

"ఇప్పుడు పన్నెండు సార్."

"జాబితా రేపు పొద్దున."

"రేపు పొద్దున సార్."

వెళ్ళేటప్పుడు సూపరింటెండెంట్ కంకర మీద నుంచి దిగి, పక్కనున్న గడ్డి అంచు మీద నడిచాడు. బూట్ల చప్పుడు వినబడలేదు.

శుక్రవారం ఎనిమిదిన్నరకే జాబితా ఆయన టేబుల్ మీద ఉంది. ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు, పెంచలేదు. సూపరింటెండెంట్ కళ్ళజోడు పెట్టుకుని కింది దాకా చదివాడు.

"మంగళవారంతో ఆగిపోయింది?"

"బుధవారం వెళ్ళలేదు సార్. గురువారం వెళ్ళలేదు."

"అంటే మెమో పనిచేసింది."

"పనిచేసింది సార్."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. సూపరింటెండెంట్ కాగితం తిరగేశాడు.

"ఇదేంటి? ఆరూ నలభై ఒకటి, ఆరూ నలభై ఐదు. ఎవరు?"

"ఒక తల్లి సార్. మిట్ట మీద, ఎర్రజెండాల దగ్గర. రోజుకి ఒక్కసారి వస్తుంది. నాలుగు నిమిషాలు."

"నాలుగు నిమిషాలేనా?"

"నాలుగు నిమిషాలే సార్. పిల్లలు బొద్దుగా ఉన్నాయి."

సూపరింటెండెంట్ కళ్ళజోడు తీశాడు. ఎర్రజెండాల దగ్గర లీకు ఉందా అని అడగలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పైకి పంపే ఫైల్లో కాకుండా, తన సొరుగులో వేసి మూశాడు.

"బయట ఆఫీసర్ల కార్లు వచ్చే టైమయింది. గేటు దగ్గరుండు."

ఆ రోజు ఆఫీసర్లు వచ్చారు, తొట్లు చూశారు, టీలు తాగారు, ఎర్రజెండాలకి దూరంగా నడిచారు, పన్నెండూ ఇరవైకి వెళ్ళారు. ఒకటీ రెండుకి ఆవరణ వైపు తలుపు తెరుచుకుంది. ఒకటీ పద్దెనిమిదికి ల్యాబ్ అమ్మాయి పాప నుదురు మీద ఒక్కసారి మూతి ఆనించి, చున్నీ సర్దుకుని, బాబాయ్ పక్కనించి వేగంగా నడిచి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన ఆ వీపుని ల్యాబ్ మెట్లెక్కేదాకా చూసి, గదిలోకొచ్చాడు.

అలవాటు కొద్దీ కలం చేతిలోకి తీసుకున్నాడు. రాయడానికి ఏమీ లేదు.

"కాసేపు పట్టుకోండి, జడ ఊడిపోయింది," అంటూ భార్య పాపని ఆయన చేతుల్లో పెట్టేసింది. బాబాయ్ కలం ఎక్కడ పెట్టాలో తెలియక చెవి వెనక దోపాడు. పాప ఆయన్ని పైనించి కిందిదాకా పరీక్షగా చూసింది. ఆయన మణికట్టు మీద మెరుస్తున్నది దాని కంట పడింది. రెండు చేతులూ చాచి పట్టుకుంది. రెండు చిన్న గుప్పిళ్ళు గడియారం మీద మూసుకున్నాయి.

"టైమెంతయిందండీ?" అంది భార్య, జడ అల్లుకుంటూ.

"కనబడటం లేదు," అన్నాడు బాబాయ్. చెయ్యి మాత్రం కదపలేదు.